చిరునామాల తోరణం

పెళ్ళి శుభలేఖలు పంచటంలో మనవాళ్ళకు ఒక పద్ధతి వున్నది. కార్డు నాలుగు మూలలా పసుపు రాస్తారు. కవరు మీద పిలవవలసిన వారి పేరు మాత్రం వ్రాస్తారు. పెళ్ళిపెద్ద సంచిలో మూడువందల కవర్లు వున్నా, మన గుమ్మంలోకి వచ్చి మన చేతికిచ్చేది మన పేరున్న కవరు ఒక్కటే. పిలిచిన మూడువందల మంది పేర్లూ, యింటి నెంబర్లూ, వీధులూ వరసగా అచ్చువేయించి, ఆ జాబితాను ప్రతి శుభలేఖకూ తగిలించి పంచే పెళ్ళిపెద్దను నేనింతవరకు చూడలేదు. ఎవరైనా అలా చేస్తే, "ఇదేమిటయ్యా, మా యింటి ఆచూకీ ఊరంతా పంచిపెడతావా?" అని అడగనివారుండరు.

సరిగ్గా ఆ పనే ఈ-మెయిల్లో రోజూ జరుగుతున్నది. చదువుకున్నవారే చేస్తున్నారు. పైగా ప్రేమతో చేస్తున్నారు!

ఇటువంటి మెయిళ్ళు మీకూ వచ్చేవుంటాయి. విషయం దగ్గర "ఫార్వర్డు, ఫార్వర్డు, ఫార్వర్డు" అని మూడు నాలుగు సార్లు వుంటుంది. తెరవగానే ఉత్తరం కనబడదు. ముందు ఒక నలభై చిరునామాలు. దాని కింద ఒక గీత. గీత కింద ఎవరో పంపినవారి పేరూ, తేదీ, మళ్ళీ అరవై చిరునామాలు. ఇంకొక గీత. ఉల్లిపాయ పొరలు ఒలిచినట్లు ఒలుచుకుంటూ పోతే, చిట్టచివర మోకాళ్ళ నొప్పులకు మెంతుల వైద్యం గురించి నాలుగు వాక్యాలు. మెంతులు చారెడు, చిరునామాలు గంపెడు!

ఆ గంపలో ఏమేమి వున్నవో ఒకసారి నిదానంగా చూడండి. చాలామంది తమ ఈ-మెయిలు చిరునామాలో పూర్తి పేరూ, యింటిపేరూ పెట్టుకుంటారు. పేరు పక్కన అంకెలుంటే అవి తరచు పుట్టిన సంవత్సరం. ఆఫీసు చిరునామా అయితే ఏ సంస్థలో పనిచేస్తున్నారో చెప్పేస్తుంది. మా కాలేజీల వంటి చోట్ల విద్యార్థులకిచ్చే చిరునామాలో రోల్ నెంబరే వుంటుంది. దాన్నిబట్టి ఏ సంవత్సరం చేరారో, ఏ శాఖలో చదువుతున్నారో తెలిసిపోతుంది. ఒక్క చిరునామాలో మనిషి సంగతి యింత వుంటే, నూరు చిరునామాల వరసలో ఎంత వుంటుందో చెప్పనక్కరలేదు.

కార్బన్ కాగితం నాటి మాట

ఈ-మెయిలు వ్రాయటానికి కూర్చుంటే పైన మూడు గడులుంటాయి. మొదటిది "టు", అంటే ఎవరికి అని. రెండవది "సి.సి." మూడవది "బి.సి.సి." ఈ మూడవ గడి చాలామంది కంటబడదు. కంటబడినా, అదేదో కంప్యూటరు పండితుల వ్యవహారమని వదిలేస్తారు. నిజానికి అది కంప్యూటరు కంటే పాతది.

టైపు మిషను రాజ్యమేలిన రోజులలో రెండు తెల్లకాగితాల మధ్య నల్లని కార్బన్ కాగితం పెట్టి ఉత్తరం కొట్టేవారు. నకలు ఎవరికి పంపుతున్నారో అసలు ఉత్తరం అడుగున వ్రాయటం ఆఫీసు మర్యాద. అదే "కార్బన్ కాపీ", సి.సి. ఒక్కొక్కప్పుడు, నకలు ఫలానా వారికి వెళ్ళిన సంగతి అసలు ఉత్తరం అందుకున్నవారికి తెలియనక్కరలేదు. అప్పుడు టైపిస్టు అసలు ప్రతిని మిషనులోంచి తీసివేసి, నకలు మీద మాత్రమే ఆ పేరు కొట్టేవాడు. అసలు ప్రతికి ఆ పేరు విషయంలో కళ్ళు లేనట్లే. అందుకే దాన్ని "బ్లైండ్ కార్బన్ కాపీ" అన్నారు. అదే మన బి.సి.సి.

1971లో అమెరికాలో రే టామ్లిన్సన్ అనే ఇంజనీరు ఒక కంప్యూటరు నుంచి మరొక కంప్యూటరుకు ఉత్తరం పంపి చూశాడు. మనిషి పేరుకూ, యంత్రం పేరుకూ మధ్య నేడు మనమంతా వాడే, తోక చుట్టుకున్న "ఎ" గుర్తును పెట్టినవాడు ఆయనే. తరువాత 1982లో యీ ఉత్తరాల రూపురేఖలను నిర్ణయించిన ప్రమాణ పత్రంలో టు, సి.సి., బి.సి.సి. మూడింటికీ చోటు దొరికింది. అంటే నలభయ్యేళ్ళకు పైగా యీ సదుపాయం మన చేతిలోనే వున్నదన్నమాట. తాళంచెవి మొలలో వుంచుకుని తలుపు బార్లా తెరిచి పడుకుంటున్నాము.

ఈ చిరునామాల వరదకు కూడా ఒక తొలి కథ వున్నది. 1978 మే నెలలో గ్యారీ థుయెర్క్ అనే అమెరికా వ్యాపారోద్యోగి, తమ కంపెనీ కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ ఆనాటి ఆర్పానెట్ మీద వున్న సుమారు 400 మందికి ఒకేసారి ఉత్తరం పంపాడు. చిరునామాలన్నీ చేత్తో కొట్టించారు. ఆ గడిలో అన్ని పేర్లకు చోటు చాలక, మిగిలినవి ఉత్తరంలోకే పొంగిపొర్లినవి. అడగకుండా వచ్చిపడే వ్యాపారపు మెయిళ్ళకు ఆది అదేనని చరిత్రకారులు చెబుతారు. ఆ మొదటి ఉత్తరంలోనే విషయం కంటే చిరునామాలు ఎక్కువైపోవటం చూస్తే, యీ రోగం యెంత పాతదో తెలుస్తుంది.

"తెలిస్తే ఏమి పోయింది?"

ఈ మాట ఎత్తగానే పెద్దలడిగే ప్రశ్న ఒకటున్నది. "నా ఈ-మెయిలు అడ్రసు ఏమన్నా యినప్పెట్టె తాళమా? నలుగురికీ తెలిస్తే ఏమి పోయింది?" న్యాయమైన ప్రశ్నే. జవాబు మూడు విధాలుగా చెప్పాలి.

మొదటిది, ఆ నలుగురిలో ఒకరి కంప్యూటరు చెడినా చాలు. 2001 చివరలో బయలుదేరి 2002లో దేశదేశాలు తిరిగిన "క్లెజ్" అనే పురుగు చేసిన పని వినండి. అది జొరబడిన కంప్యూటరులో వున్న చిరునామాలన్నీ ఏరుకునేది. వాటికి తన నకళ్ళు పంపేది. పంపినవారి పేరు దగ్గర ఆ యింటివారి పేరు పెట్టక, ఏరుకున్న వాటిలోనే మరొకరి పేరు పెట్టేది! కాబట్టి మీ కంప్యూటరు నిక్షేపంగా వున్నా, మీ చిరునామా ఎవరో తెలియని మనిషి పెట్టెలో పాత మెయిలు అడుగున పడివుంటే, మీ పేరుతో మరొకరికి విషం వెళ్ళేది. అందుకున్నవారు మిమ్మల్ని తిట్టుకునేవారు. ఆ పురుగు పోయింది గాని, దాని విద్య పోలేదు. నేటి మోసగాళ్ళు అదే విద్యను మెరుగుపెట్టి వాడుతున్నారు. తెలిసిన పేరుతో వచ్చిన ఉత్తరాన్ని మనిషి నమ్ముతాడు. ఎవరికెవరు తెలుసో చెప్పే జాబితా అందుకే వాళ్ళకు విలువైన సరుకు.

రెండవది, పురుగుకంటే మనిషి ప్రమాదం. నాకు తెలిసిన ఒక పరిశోధక విద్యార్థిని ఒక సాహిత్య సదస్సుకు పత్రం పంపింది. సదస్సువారు అరవై మంది పత్రసమర్పకులకు ఒకే మెయిలు పంపారు; చిరునామాలన్నీ పైన తోరణం కట్టి వున్నవి. అందుకున్నవారిలో కొందరు "మీకు ఉపయోగపడుతుందేమో" అని మిత్రులకు ఫార్వర్డు చేశారు. ఆ మిత్రులు మరికొందరికి చేశారు. పది రోజులలో ఆ అమ్మాయికి ముక్కూ మొగం తెలియని ఒక పెద్దమనిషి వద్దనుంచి ఉత్తరం వచ్చింది. "మీ పత్రాంశం బాగున్నది, చర్చించాలి" అని మొదలు. మర్యాదకు జవాబిచ్చింది. తరువాత ఫోటో అడగటం, ఫోను నెంబరు అడగటం, జవాబివ్వకపోతే అర్ధరాత్రి వేళ దెప్పిపొడుపులు. చివరకు విసిగిపోయి ఆ చిరునామానే మూసివేసి కొత్తది తెరుచుకున్నది.

కథ అక్కడితో అయిపోతే బాగుండేది. పాత చిరునామా అప్పటికే ఆమె పెట్టుకున్న దరఖాస్తులన్నిటి మీదా వున్నది. ఒక ఉద్యోగానికి ఇంటర్వ్యూ పిలుపు దానికే వెళ్ళి, అందక తిరిగిపోయింది. ఆ సంగతి ఆమెకు తెలిసేసరికి తేదీ దాటిపోయింది.

"నా అడ్రసు అతనికి ఎవరిచ్చారో కనుక్కుందామని నెలరోజులు తిరిగాను, మాస్టారూ," అన్నది ఆ అమ్మాయి. "ఎవరూ ఇవ్వలేదు. అందరూ ఇచ్చారు."

ఇంతకంటే బాగా యీ విషయాన్ని నేను చెప్పలేను.

జాబితాయే రహస్యం

మూడవ కారణం అన్నిటికంటే గట్టిది. ఒక చిరునామా విడిగా వుంటే చెప్పని సంగతిని, పదిమంది పక్కన చేరితే చెప్పేస్తుంది.

2001 జూన్‌లో అమెరికాలో ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ ఒక ఉత్తరం పంపింది. మనోవ్యాకులతకు వాడే ప్రోజాక్ అనే మందు తయారుచేసే కంపెనీ అది. మందు వేసుకునే వేళ గుర్తుచేస్తూ మెయిలు పంపే ఏర్పాటు ఒకటి వారికుండేది. ఆ ఏర్పాటు ఆపివేస్తున్నామని చందాదారులకు తెలియజేశారు. విషయం అంతే. కాని "టు" గడిలో 669 మంది చిరునామాలూ కనబడినవి! ఇంట్లోవారికి కూడా చెప్పుకోని జబ్బు గురించి 668 మంది పరాయివారికి తెలిసిపోయింది. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ జరిపి, 2002 జనవరిలో ఆ కంపెనీ చేత భద్రతా ఏర్పాట్లకు ఒప్పందం వ్రాయించుకున్నది.

2015 సెప్టెంబరులో లండనులో 56 డీన్ స్ట్రీట్ అనే క్లినిక్ హెచ్.ఐ.వి. సేవలు పొందేవారికి వార్తాలేఖ పంపింది. 781 చిరునామాలు బి.సి.సి.లో వేయవలసింది పోయి "టు"లో వేశారు. వాటిలో 730 చిరునామాలలో పూర్తి పేర్లున్నవి. ఒకే ఊళ్ళో వుండేవారు. ఒకరికొకరు తెలిసినవారు కూడా వుండవచ్చుగదా! మరుసటి సంవత్సరం మే నెలలో, ఆ క్లినిక్‌ను నడిపే ఆసుపత్రి సంస్థకు బ్రిటన్ సమాచార కమిషనర్ 1,80,000 పౌన్ల జరిమానా విధించారు.

ఇంకా ఘోరమైనది 2021 సెప్టెంబరులో జరిగింది. అంతకు నెల రోజుల ముందే కాబూలు తాలిబాన్ల వశమైంది. బ్రిటిష్ సైన్యానికి సాయపడిన ఆఫ్ఘన్లు దేశం విడిచిరావటానికి దారి వెతుక్కుంటున్నారు. వారిలో 245 మందికి బ్రిటన్ రక్షణశాఖ నుంచి ఒకే మెయిలు వెళ్ళింది. చిరునామాలన్నీ బాహాటంగా వున్నవి. కొందరి చిరునామా పక్కన ముఖచిత్రాలు కూడా కనబడినవి. అందుకున్నవారిలో ఒకతను "రిప్లై ఆల్" నొక్కి, తానెక్కడ వున్నాడో అందరికీ తెలిసేట్లు జవాబిచ్చాడు! ఆ జాబితా శత్రువు చేతిలో పడితే అది హతమార్చవలసినవారి పట్టికే. 2023 డిసెంబరులో ఆ శాఖకు 3,50,000 పౌన్ల జరిమానా పడింది.

మూడు ఉత్తరాలలోనూ ఒక విశేషం గమనించండి. ఉత్తరంలో వ్రాసిన మాటలలో రహస్యమేమీ లేదు. ఏర్పాటు ఆపుతున్నాము, వార్తలు పంపుతున్నాము, మీ సంగతి కనుక్కుంటున్నాము - అంతే. రహస్యమంతా పై వరసలోనే వున్నది. ఎవరికి పంపారన్నదే విషయం.

మనకు ఆసుపత్రులూ, యుద్ధాలూ ఎందుకులెండి, మన యిళ్ళలోనే చూసుకుందాము. ఒక అపార్టుమెంటు కార్యదర్శి "మీరు మూడు నెలలుగా నిర్వహణ రుసుము కట్టలేదు" అని ఏడుగురికి ఒకే మెయిలు పంపాడనుకోండి. ఏడు కుటుంబాల యిబ్బంది ఏడు కుటుంబాలకూ తెలిసిపోయింది. పరీక్ష తప్పినవారికి ప్రత్యేక తరగతులున్నవని ఒక ట్యుటోరియల్ మేస్టారు ఒకే మెయిలు పంపాడనుకోండి. ఎవరెవరు తప్పారో నోటీసు బోర్డు మీద పెట్టినట్లే.

అన్నిటికంటే మనవాళ్ళలో ఎక్కువగా తిరిగేది పెళ్ళిసంబంధాల బయోడేటా. అమ్మాయి పుట్టిన తేదీ, నక్షత్రం, గోత్రం, ఎత్తు, జీతం, తండ్రి ఫోను నెంబరు - అన్నీ ఒకే పేజీలో వుంటాయి. పిన్నిగారు హైదరాబాదు నుంచి న్యూజెర్సీలో వున్న మరిదికి పంపుతారు. ఆయన తెలుగు మిత్రులందరికీ పంపుతాడు. వారిలో ఒకరు డల్లాసులో వున్న వదినగారికి పంపుతారు. వెనకటికి పెళ్ళిళ్ళ పేరయ్య సంచిలో జాతకాలుండేవి గాని, అతను ఏ జాతకం ఏ యింట్లో చూపాలో ఎరిగినవాడు. ఈ పేరయ్యకు ఆ విచక్షణ లేదు. అమ్మాయికి పెళ్ళయి పిల్లలు బడికి వెళుతున్నా ఆమె బయోడేటా యింకా ఎక్కడో వరుణ్ణి వెతుకుతూనే వుంటుంది! ఇది నవ్వుకోవలసిన మాటే గాని, పుట్టిన తేదీ, ఫోను నెంబరు, తల్లిదండ్రుల పేర్లు ఒకచోట దొరకటం మోసగాడికి ఎంత సుళువో తలుచుకుంటే నవ్వు ఆగిపోతుంది.

అర నిమిషం పని

ఇంత అనర్థానికి విరుగుడు అర నిమిషం పని అంటే నమ్మరు. కాని అంతే.

ఒకరినొకరు ఎరుగని పదిమందికి ఉత్తరం పంపేటప్పుడు "టు" గడిలో మీ చిరునామానే వేసుకోండి. మిగిలిన అందరివీ బి.సి.సి. గడిలో వేయండి. గడి కనబడకపోతే, "టు" వరస చివర నొక్కితే బయటికి వస్తుంది. అందుకున్న ప్రతివారికీ మీ పేరు మాత్రమే కనబడుతుంది. వారిలో ఎవరైనా తొందరపడి "రిప్లై ఆల్" నొక్కినా ఆ జవాబు మీకే వస్తుంది గాని ఊరంతా తిరగదు. అదే "టు"లో నలుగురి పేర్లుంచి, మరొకరిని మాత్రం బి.సి.సి.లో దాచితే, ఆ దాగినవారు "రిప్లై ఆల్" నొక్కగానే నలుగురి ముందూ బయటపడతారు. కొన్ని ఆఫీసులలో తగవులు యిందువల్లనే వచ్చినవి.

ఫార్వర్డు చేసేటప్పుడు మరొక పని వున్నది. ఫార్వర్డు నొక్కగానే పాత ఉత్తరం పైన పంపినవారి పేరు, తేదీ, "టు", "సి.సి." వరసలు తమంతట తామే వచ్చి చేరుతాయి. బి.సి.సి. వాటిని చెరపదు, అది మీరు కొత్తగా వేసే చిరునామాలనే దాస్తుంది. పాతవాటిని మీరే తుడిచివేయాలి. వరసను గుర్తుపెట్టి చెరిపివేయండి. అంత ఓపిక లేకపోతే, కావలసిన నాలుగు వాక్యాలు మాత్రం నకలు తీసి కొత్త ఉత్తరంలో పెట్టి పంపండి. ఉత్తరాన్ని ఉత్తరంగానే జతపత్రం చేసి పంపే పద్ధతి ఒకటున్నది. అందులో పాత చిరునామాలన్నీ లోపల భద్రంగా కూర్చునివుంటాయి. ఆ పద్ధతి యిటువంటి వాటికి పనికిరాదు.

చిరునామాలు తుడవమన్నాను గాని, వ్రాసినవారి పేరు తుడవమనలేదు. పద్యమో, వ్యాసమో, వైద్యమో - అది ఫలానావారు వ్రాశారని చెప్పటం న్యాయం. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక యీ మాట కొంచెం గట్టిగానే చెబుతున్నాను. అయితే ఆ ఉత్తరం మీ ఒక్కరికే వ్రాసినదయితే, "ఇది నలుగురికీ పంపవచ్చునా?" అని అడిగి మరీ పంపండి.

ఐదుగురు సభ్యుల సంఘంలో అందరూ అందరికీ తెలియవలసినవారే. అక్కడ పేర్లు దాచటం మర్యాద కాదు. ఎవరెవరికి ఉత్తరం వెళ్ళిందో తెలిస్తేనే పని సాగుతుంది. ఇక ఆసుపత్రుల వంటివారు, రహస్యాలు దాచవలసినవారు, బి.సి.సి.ని నమ్ముకోవటం కూడా ప్రమాదమే. ఒక గడి బదులు మరొక గడిలో వ్రాస్తే మునిగిపోయే పడవ అది. ఎవరి ఉత్తరం వారికి విడిగా వెళ్ళే యేర్పాట్లు వున్నవి. వాటిని వాడమనే బ్రిటన్ కమిషనర్ సలహా కూడా.

వాట్సప్ వాడేవారికీ యిదే ధర్మం. గ్రూపులో చేర్చటమంటే ఒకరి ఫోను నెంబరు అందులోవారందరికీ చూపటమే. వార్త అందితే చాలుననుకుంటే "బ్రాడ్‌కాస్ట్" పద్ధతి వున్నది. ఎవరిది వారికి విడిగా అందుతుంది. కాకపోతే మీ నెంబరు తమ ఫోనులో వ్రాసుకున్నవారికే చేరుతుంది.

చట్టం ఆగే చోట

మన దేశంలో వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టం చేసింది. అయితే సొంత పనులకూ, యింటి పనులకూ ఒక వ్యక్తి వాడుకునే సమాచారానికి ఆ చట్టం వర్తించదు. అంటే బాబాయిగారు మెంతుల వైద్యం పంపితే చట్టం వచ్చి తలుపు తట్టదు. తట్టకూడదు కూడా. అక్కడ తట్టవలసింది మర్యాద.

ఆ మర్యాద పెద్దలకు గుర్తుచేయటం ఎలాగని కొందరు సతమతమవుతారు. అందరికీ కనబడేట్లు జవాబిచ్చి వారిని చిన్నబుచ్చకండి. వారికొక్కరికే యిలా వ్రాయండి: "బాబాయిగారికి నమస్కారములు. మీరు పంపినది చదివాను. పిన్నిగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఒక చిన్న మనవి. ఆ మెయిల్లో మా అందరి చిరునామాలూ కనబడుతున్నవి. ఇకముందు బి.సి.సి. గడిలో వేసి పంపగలరు. ఎలా వేయాలో ఆదివారం వచ్చినప్పుడు చూపిస్తాను." ఇలా వ్రాస్తే కోపగించుకునే బాబాయిలు తెలుగుదేశంలో వుండరని నా నమ్మకం.

మన పాత తెలుగులో "ఇల్లడ" అని ఒక మంచి మాట వున్నది. దాచిపెట్టమని నమ్మి ఒకరి చేతికిచ్చిన సొమ్ము అని అర్థం. ఇల్లడ పెట్టిన సొమ్మును సొంతానికి వాడుకోకూడదు. దానం చేయటానికి కూడా హక్కు లేదు. మనకు తెలిసినవారి చిరునామా మన దగ్గర వున్న ఇల్లడ. మెంతుల వైద్యాన్ని పదిమందికీ పంచండి, పుణ్యం వస్తుంది. చిరునామాలను మాత్రం, యిచ్చినవారు నమ్మి యిచ్చారు గనుక, మీ దగ్గరే వుంచండి.